మాక్‌బెత్‌ని చెడగొట్టింది భార్యేనా? బాంకో వేషం వేసినవాడి జవాబు

"షేక్‌స్పియర్ నాటకంలో మాక్‌బెత్ స్వతహాగా మంచివాడేననీ, పెళ్ళాం రెచ్చగొట్టబట్టే రాజుని చంపాడనీ మా సార్ చెప్పారు. తప్పని అంత బాగా తెలిసినవాడు ఎలా చంపాడు? చంపాక అంత కుమిలిపోయినవాడు మళ్ళీ మళ్ళీ హత్యలు ఎందుకు చేయించాడు?" అని కదా మీ ప్రశ్న.

ముందే చెప్తున్నా, నేను ఇంగ్లీషు లెక్చరర్ని కాదు. బీఏలో ఇంగ్లీషు లిటరేచర్ చదివి చివరికి ఒక ఫైనాన్స్ కంపెనీలో తేలినవాణ్ణి. కాకపోతే డిగ్రీ ఆఖరి ఏడాదిలో, 1998లో, మా కాలేజీ వార్షికోత్సవానికి ఈ నాటకాన్ని నలభై నిమిషాలకి కుదించి వేశాం. నాది బాంకో వేషం. బాంకో మంచివాడు అనుకునే వేశాను. ఆ అభిప్రాయం పన్నెండేళ్ళ తర్వాత ఆఫీసులో ప్రింటర్ దగ్గర పోయింది. అది తర్వాత చెప్తాను.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. స్కాట్లండ్‌లో మాక్‌బెత్, బాంకో ఇద్దరూ సేనానులు. యుద్ధం గెలిచి వస్తుంటే దారిలో ముగ్గురు మంత్రగత్తెలు ఎదురవుతారు. మాక్‌బెత్‌తో "నువ్వు కాడర్ ప్రభువువి అవుతావు, ఆ తర్వాత రాజువి అవుతావు" అంటారు. బాంకోతో "నువ్వు రాజువి కావు కానీ నీ వంశంలో రాజులు పుడతారు" అంటారు. కాసేపటికే కాడర్ పదవి నిజంగానే మాక్‌బెత్‌కి వస్తుంది. రాజు డంకన్ ఇన్వర్నెస్‌లో మాక్‌బెత్ కోటకి అతిథిగా వస్తాడు. ఆ రాత్రే మాక్‌బెత్ అతన్ని పొడిచి చంపి, రాజవుతాడు. తర్వాత బాంకోని చంపిస్తాడు, మాక్‌డఫ్ అనే ప్రభువు పెళ్ళాం పిల్లల్ని చంపిస్తాడు. భార్యకి మతి చెడి చనిపోతుంది. చివరికి మాక్‌డఫ్ చేతిలో తనూ పోతాడు.

ఇప్పుడు మీ సార్ మాట. భార్యే చెడగొట్టింది అనడం తేలిక. మనవాళ్ళూ అంతే కదా, దశరథుడి తప్పు కైక మీదకీ, కైక తప్పు మంథర మీదకీ తోసేస్తాం. కానీ మొదటి అంకం జాగ్రత్తగా చదవండి. మంత్రగత్తెలు హత్య అన్న మాటే ఎత్తరు. రాజువవుతావు అన్నారంతే. ఆ మాట వినగానే మాక్‌బెత్ ఉలిక్కిపడతాడు. ఈ సంగతి మనకి చెప్పేది పక్కనే ఉన్న బాంకో: ఇంత మంచి మాట వింటే భయపడతారేమిటండీ అంటాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. అప్పటికి భార్య ఇంకా రంగం మీదకే రాలేదు. తర్వాత ఆవిడ నిలదీస్తుంది కూడా: ఈ పని గురించి నాతో మొదట ఎత్తింది నువ్వు కాదా అని.

ఇక మొదటి అంకం ఏడో రంగం. లోపల రాజు భోంచేస్తున్నాడు. అతిథిని బంతిలో వదిలేసి మాక్‌బెత్ ఒక్కడే బయటికొచ్చి తనతో తను మాట్లాడుకుంటాడు. నేను అతనికి చుట్టాన్ని, ప్రజని, పైగా ఈ రాత్రి ఆతిథ్యం ఇస్తున్నవాణ్ణి, హంతకుడు రాకుండా తలుపు వెయ్యాల్సింది నేనే అంటాడు. రాజు మంచివాడనీ ఒప్పుకుంటాడు. చంపడానికి నాకు ఆశ తప్ప ఇంకో కారణం లేదు, అది గుర్రం ఎక్కబోయి ఆ ఊపులో అవతలి పక్కకి పడేవాడి లాంటిది అంటాడు. ఇంతకంటే తెలివిగా తన తప్పుని ఎవడు చెప్పుకోగలడు? మన దగ్గర దుర్యోధనుడి పేరు మీద ఒక శ్లోకం ఉంది, "జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః" అని. ధర్మం తెలుసు, చెయ్యబుద్ధి కాదు, అధర్మమూ తెలుసు, మానబుద్ధి కాదు. అదే బాపతు.

అంతా అయ్యాక భార్యతో "ఈ పని మనకొద్దు" అంటాడు. ఆవిడ నువ్వు మగాడివేనా అని దెప్పుతుంది. దానికి కూడా అతను పడిపోడు. చిట్టచివర అతను అడిగే ప్రశ్న చూడండి: "ఒకవేళ బెడిసికొడితే?" తప్పు కదా అని కాదు. ఆవిడ కాపలావాళ్ళకి మందు పట్టించే ప్లాన్ చెప్తుంది, ఇతను సరే అంటాడు. అంటే అప్పటిదాకా అతన్ని ఆపింది ధర్మం ఒక్కటే కాదు, దొరికిపోతామన్న భయం కూడా. ఈ రెండూ మనసులో ఒకే చోట ఉంటాయి కాబట్టి మనమే వాటిని విడదీసి చూసుకోం. రెండోది పోయిందనగానే మొదటిది కూడా పోయినట్టే.

రిహార్సల్స్‌లో మా లెక్చరర్ మేడం హత్య తర్వాత వచ్చే రంగం మీద చాలా రోజులు పెట్టారు. అట్టముక్కలకి వెండి కాగితం అంటించి రెండు బాకులు చేశాం. మాక్‌బెత్ వాటిని అక్కడే వదిలి రావాలి, కంగారులో చేత్తోనే పట్టుకొస్తాడు. పక్క గదిలోవాళ్ళు నిద్రలో దేవుడా కాపాడు అంటే తను ఆమెన్ అనబోయాననీ, గొంతులోనే ఆగిపోయిందనీ అదే పనిగా చెప్తాడు. నిద్రని చంపేశాను, ఇక నాకు నిద్ర లేదు అంటాడు. ఆవిడ మాత్రం ముందు ఆ బాకులు వెనక్కి పెట్టి రా అంటుంది. అతను మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళనంటే తనే వెళ్తుంది.

అక్కడ ఒక చిత్రమైన మాట ఉంది. రాజు నెత్తురు ఆ కాపలావాళ్ళ మొహాలకి పూత పూస్తాను, నేరం వాళ్ళదే అని కనబడాలి కదా అంటుంది. ఇంగ్లీషులో బంగారు పూత పూయడానికి గిల్డ్ అనీ, నేరానికి గిల్ట్ అనీ అంటారు. వినడానికి దగ్గర దగ్గరగా ఉండే ఆ రెండు మాటలతో ఆవిడ ఆ అర్ధరాత్రి చమత్కారం చేస్తుంది. మన గిల్టు నగల గిల్టు కూడా ఆ పూత మాట నుంచి వచ్చిందే. మేడం క్లాసులో ఇది చెప్తే అమ్మాయిలందరూ ఒకళ్ళ గాజులు ఒకళ్ళు చూసుకుని నవ్వారు. ఈ నాటకంలో నాకు అన్నిటికంటే భయం వేసే వాక్యం ఇదే. మొగుడి చేతులకి నెత్తురుండగా మాటలతో ఆడుకోగలిగిన మనిషి ఆవిడ.

ఆవిడ బాకులు పెట్టడానికి అటు వెళ్ళగానే, సముద్రాలన్నీ కలిసినా ఈ చెయ్యి కడగలేవు, ఈ చెయ్యే వాటిని ఎర్రగా మార్చేస్తుంది అంటాడు భర్త. ఆవిడ తిరిగొచ్చి, కాసిని నీళ్ళు పోసి కడిగేస్తే పోతుంది అంటుంది. ఇక్కడి నుంచి ఇద్దరూ దారులు మార్చుకుంటారు. ఇప్పుడు వణికేవాడు చివరికి రాయి అవుతాడు. ఇప్పుడు రాయిలా ఉన్న మనిషి అయిదో అంకంలో నిద్రలో నడుస్తూ, లేని మరకని రుద్దుకుంటూ, ఆ ముసలాయనలో ఇంత నెత్తురుంటుందని ఎవరనుకున్నారు అంటుంది. మొదటి అంకంలో చిమ్మచీకటి రమ్మని రాత్రిని పిలిచిన మనిషే, ఇప్పుడు పక్కన దీపం లేకుండా ఉండదు. పరిచారిక వైద్యుడికి ఆ సంగతి మామూలుగా చెప్పేస్తుంది, అది ఆవిడ ఆజ్ఞ అని.

ఆ దీపం గురించి ఒక ముచ్చట. 1785లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో సారా సిడన్స్ అనే గొప్ప నటి ఈ పాత్ర వేసింది. అప్పటిదాకా ఆ రంగమంతా కొవ్వొత్తి చేత్తో పట్టుకునే ఆడేవారు. ఆవిడ దాన్ని కింద పెట్టేసి రెండు చేతులూ కడుక్కుంది. థియేటర్ నడిపే షెరిడన్ వద్దన్నా వినలేదు. తర్వాత ఆయనే వచ్చి మెచ్చుకున్నాడట. మా కాలేజీలో ఆ గొడవే లేదు. షామియానా అంటుకుంటుందని ప్రిన్సిపాల్ గారు అసలు కొవ్వొత్తికే ఒప్పుకోలేదు. లేడీ మాక్‌బెత్ వేసిన అమ్మాయి రెండు సెల్సు టార్చిలైటుతో నిద్రలో నడిచింది. దాన్ని స్టూలు మీద పెడితే దొర్లి వెలుగు జనం మొహాల మీద పడింది. అప్పటిదాకా ఈలలు వేస్తున్న వెనక వరసలు గప్‌చుప్ అయిపోయాయి.

మీ రెండో ప్రశ్నకి జవాబు మూడో అంకంలో ఉంది. గిల్టీ ఫీలింగ్ ఉన్నవాడు ఆగుతాడని మనం అనుకుంటాం. ఇక్కడ అది ఉండబట్టే తర్వాతి హత్య జరుగుతుంది. రోజూ రాత్రి పీడకలలతో వణికే ఈ బతుకు కంటే చచ్చి ఆ డంకన్ పక్కన పడుకోవడం నయం అంటాడు భార్యతో. సమాధిలో అతను హాయిగా నిద్రపోతున్నాడట, అది చూసి ఇతనికి అసూయ. ఈ బాధ పోవడానికి అతనికి దొరికిన మందు బాంకోని చంపించడం. కిరీటం తిరిగిచ్చేద్దామన్న ఆలోచన ఒక్కసారి కూడా రాదు. హామ్లెట్ నాటకంలో అన్నని చంపి రాజైన క్లాడియస్ కనీసం ఈ మాట పైకి అనుకుంటాడు: కిరీటం, ఆశ, రాణి అన్నీ దగ్గరే పెట్టుకుని క్షమించమంటే ఎలా కుదురుతుంది అని. తెలుగులో పశ్చాత్తాపం అన్న మాట ఈ రెండిటికీ వాడేస్తాం కానీ, బాధపడటం వేరు, వెనక్కివ్వడం వేరు. మాక్‌బెత్‌కి మొదటిది పుష్కలంగా ఉంది, రెండోది సున్నా.

నెత్తుటి నదిలో సగం దాకా వచ్చేశాను, వెనక్కి వెళ్ళడం, ముందుకి వెళ్ళడం రెండూ ఒకే కష్టం అంటాడు విందు తర్వాత. చివరికి లోపల ఆడవాళ్ళ ఏడుపు వినబడితే, భయం రుచే మర్చిపోయాను అంటాడు. చనిపోయింది భార్య.

ఇప్పుడు బాంకో.

విందు రంగంలో బాంకో దయ్యంగా వచ్చి మాక్‌బెత్ కుర్చీలో కూర్చుంటాడు. ఒక్క మాట కూడా ఉండదు. కుంకుమ, కొబ్బరినూనె, కొంచెం ఎర్ర ఇంకు కలిపి నా నెత్తి మీద పోశారు. తలకి ఇరవై గాయాలు అని నాటకంలో ఉంది, మావాళ్ళు లెక్క పెట్టలేదు, గిన్నెడు పోశారు. అది కంట్లోకి కారి మండుతుంటే రెప్ప వెయ్యకుండా కూర్చోవాలి. దయ్యం మాక్‌బెత్‌కి తప్ప ఎవరికీ కనిపించదు కాబట్టి మిగతా ప్రభువులు నా వైపు చూడకూడదు. నా పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడు మాత్రం తన అద్దె కోటు మీద మరక పడుతుందని ఓరకంట చూస్తూనే ఉన్నాడు. "నేను చేశానని నువ్వు అనలేవు" అని మాక్‌బెత్ నా మొహం మీద అరుస్తుంటే నేను నిజంగానే మహా పుణ్యాత్ముణ్ణి అనిపించింది. చప్పట్లు కూడా నాకే ఎక్కువ పడ్డాయి.

మేడం అప్పుడే ఒక మాట చెప్పారు, మేం పట్టించుకోలేదు. షేక్‌స్పియర్ ఈ కథ తీసుకున్నది హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథం నుంచి. అందులో బాంకో మంచివాడేమీ కాదు, రాజుని చంపడంలో మాక్‌బెత్‌తో చెయ్యి కలిపినవాడు. నాటకం రాసింది 1606 ప్రాంతంలో. అప్పటికి మూడేళ్ళ క్రితమే, 1603లో, స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్‌కి కూడా రాజయ్యాడు. ఆయన వంశం బాంకో నుంచే దిగివచ్చిందని అప్పట్లో చెప్పుకునేవారు. ఏలుతున్న రాజుగారి మూలపురుషుణ్ణి హంతకుడిగా చూపిస్తే నాటకం కంపెనీ బతుకుతుందా? అందుకని బాంకో చేతులు కడిగేశారు. (అసలు బాంకో అనే మనిషే లేడు, కల్పించిందే అంటారు చరిత్రకారులు. చరిత్రలోని మాక్‌బెత్ 1040లో డంకన్‌ని పొడిచింది నిద్రలో కాదు, డంకన్ పోయింది యుద్ధంలో. ఆ తర్వాత మాక్‌బెత్ పదిహేడేళ్ళు రాజ్యం చేశాడు, రోమ్‌కి యాత్ర కూడా వెళ్ళాడు. నాటకం అతనికి చేసిన అన్యాయం ఇంకో పెద్ద కథ.)

చేతులు కడిగారు కానీ, పూర్తిగా కడగలేదు. హత్య జరగబోయే రాత్రి మాక్‌బెత్ బాంకోని కదిపి చూస్తాడు: సమయం వచ్చినప్పుడు నా పక్కన ఉంటే నీకూ గౌరవం దక్కుతుంది. బాంకో కోప్పడడు, దేని గురించి అని అడగడు. నా మర్యాద పోనంతవరకూ, నా మనసు శుభ్రంగా ఉన్నంతవరకూ నువ్వు చెప్పింది వింటాను అంటాడు. ఈ డైలాగుని నేను ఛాతీ విరుచుకుని, నీతిమంతుడి గొంతు పెట్టి చెప్పాను.

2010లో నేను ఆ ఫైనాన్స్ కంపెనీ బ్రాంచిలో పనిచేస్తున్నాను. మేనేజర్ గారు కోనసీమ మనిషి, రిటైర్మెంట్‌కి ఏడాది పైన కొన్ని నెలలుంది. నాతోపాటు ఒకే బ్యాచిలో చేరిన స్నేహితుడు అప్పుడు డిప్యూటీ. అతను మేనేజర్ అయితే డిప్యూటీ సీటు నాది. ఇంటి లోను కొత్తగా తీసుకున్నాను, నాకు ఆ సీటు కావాలి. ఒకరోజు టీ కొట్టు దగ్గర అతను "గురూ, నాకొస్తే నీకూ వచ్చినట్టే, కొంచెం నాతో ఉండు" అన్నాడు. నేను "చూద్దాంలే, నా పేరు మాత్రం ఎక్కడా రానీకు" అన్నాను. ఏం చెయ్యబోతున్నావు అని అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా.

వారం తర్వాత, ఆఫీసులో అందరూ వెళ్ళిపోయాక, నా స్టేట్‌మెంట్ ఒకటి తీసుకుందామని ప్రింటర్ దగ్గరికి వెళ్ళాను. ట్రేలో నాది కాని కాగితం ఒకటి ఉంది. హెడ్డాఫీసుకి ఆకాశరామన్న ఉత్తరం. మేనేజర్ గారు దొంగ బిల్లులు పెడుతున్నారని. కింద "ఇట్లు, సంస్థ శ్రేయోభిలాషి" అని ఉంది. అందులో చెప్పిన టూర్ బిల్లుల్లో రెండు టూర్లకి ఆయనతో వెళ్ళింది నేనే. ఆయన ఒక్క రూపాయి ఎక్కువ రాయలేదని నాకు తెలుసు. కాగితాన్ని బోర్లించి ట్రేలోనే పెట్టి, స్టేట్‌మెంట్ తీసుకోకుండా సీటుకి వచ్చేశాను. అయిదు నిమిషాల్లో స్నేహితుడు వచ్చి ఆ కాగితం తీసుకెళ్ళాడు. బోర్లించి ఉండటం చూసి నా వైపు ఒకసారి చూశాడు. నేను కంప్యూటర్ వైపు చూస్తున్నాను.

ఎంక్వయిరీలో ఏమీ తేలలేదు. నన్ను కూడా పిలిచారు. అడిగిన దానికే జవాబు చెప్పాను, ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. తేలకపోయినా ఆయన్ని దూరం బ్రాంచికి వేశారు. వెళ్ళే రోజు మా అమ్మాయికి ఇమ్మని నాకు పూతరేకుల ప్యాకెట్ ఇచ్చారు, ఊరి నుంచి తెప్పించారట. అమ్మాయికి ఇవ్వలేదు. ఫ్రిజ్ మీద పెట్టాను. పదిహేను రోజులకి చీమలు పట్టి మా ఆవిడ పారేసింది, తెచ్చినవాడివి చెప్పొచ్చు కదా అని తిట్టింది. నాటకంలో డంకన్ కూడా తను చనిపోయే రాత్రి ఇంటి ఇల్లాలికి ఇమ్మని బాంకో చేతికే ఒక వజ్రం ఇచ్చి పంపిస్తాడు. అది నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. తట్టకుండా ఉంటే బాగుండేది.

నేను డిప్యూటీ అయ్యాను. అప్పుడు అటక మీద నుంచి పాత టెక్స్ట్‌బుక్ దించి మూడో అంకం తీశాను. మాక్‌బెత్‌కి పట్టాభిషేకం అయిపోయింది. బాంకో ఒంటరిగా అనుకుంటాడు: వాళ్ళు చెప్పినవన్నీ నీకు వచ్చేశాయి, దానికోసం నువ్వు నీచమైన ఆటే ఆడావని నా అనుమానం. ఇంతవరకూ మంచివాడే. తర్వాత వాక్యం చూడండి. వాళ్ళ మాట నీ విషయంలో నిజమైతే నా విషయంలో మాత్రం ఎందుకు నిజం కాకూడదు, నేనూ ఆశ పెట్టుకోవచ్చు కదా? వెంటనే, "ష్, ఇక చాలు." బూర ఊదుతారు, కొత్త రాజు వస్తాడు, బాంకో వంగి దండం పెడతాడు. మంత్రగత్తెల సంగతి అతను చివరిదాకా ఎవరికీ చెప్పడు. హత్య జరిగిన మర్నాడు పొద్దున్నే డంకన్‌ని లేపడానికి వచ్చిన మాక్‌డఫ్‌కి చెప్పి ఉంటే కథ అక్కడే ఆగేదేమో.

రిహార్సల్‌లో ఆ "ష్" దగ్గర మేడం నన్ను ఆపేవారు. రాజు వస్తున్నాడని నోరు మూసుకుంటున్నావా, నీ మనసు నోరు మూయిస్తున్నావా, ఏదో ఒకటి తేల్చుకుని చెప్పు అనేవారు. నాకు విసుగొచ్చి, బూర మోగుతుంది కదా మేడం అనేవాణ్ణి.

అందుకే మీకు నా సలహా: ఆశ, గిల్ట్ అని వ్యాసం రాయాల్సి వస్తే అందరిలా మాక్‌బెత్ బాకు దగ్గరా, ఆవిడ చేతుల మరక దగ్గరా ఆగిపోకండి. మూడో అంకం మొదటి రంగంలో ఆ పది లైన్లు రెండుసార్లు చదవండి. పరీక్షలో మార్కులు ఎక్కువ వస్తాయని హామీ ఇవ్వలేను.

నా స్నేహితుడు నన్ను చంపించలేదు లెండి. ఇప్పటికీ మా క్యారేజీలు ఒకే టేబుల్ మీద విప్పుకుంటాం. ఆ కాగితం గురించి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మేనేజర్ గారు రిటైరై ఊళ్ళో కొబ్బరితోట చూసుకుంటున్నారు. ప్రతి ఉగాదికీ ఆయనే ఫోన్ చేస్తారు. "ఏమయ్యా, బ్రాంచి ఎలా ఉంది? పాప ఏం చదువుతోంది?" అంటారు. బాగుంది సార్, ఇంజనీరింగ్ సార్ అంటాను.